సాలమన్ చక్రమూ నా ఊపిరితిత్తులూ

1944 జనవరి 14, శుక్రవారం

నా దేహమనే సంస్థానంలో కాపురముంటున్న సమస్త అవయవాలకు, ఆ సంస్థానపు ఏలిక జ్ఞానరాజు బి.ఏ. వినయపూర్వకంగా సమర్పించుకుంటున్న క్షమాపణ పత్రం.

మహారాజశ్రీ గుండె గారూ, రోజుకు మూడు నాలుగు వందలసార్లు తమర్ని గొంతులోకి పిలిపించి, పనేమీ చెప్పకుండా వెనక్కి పంపుతున్నందుకు మన్నించాలి. మూత్రపిండ సోదరులారా, మీరు ఎన్నిసార్లు అర్జీ పెట్టుకున్నా ఐదేసి గంటలు లేవకుండా కూర్చున్నాను. తప్పే. జీర్ణకోశమా, నీకు నాలుగు రోజులుగా అందింది టీ, తమలపాకులు, మళ్ళీ టీ. కళ్ళారా, మీరు ఎర్రబడ్డారు, కోపం న్యాయమైనదే. ఊపిరితిత్తులారా, మీ విషయం ఎత్తితే నాకే దగ్గు వస్తోంది. యుద్ధంవల్ల కాగితం దొరకని ఈ రోజుల్లో ఒక పేజీ మీకోసం ఖర్చుపెట్టాను. నా పశ్చాత్తాపానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి? విచారణ ముగిసింది. రేపు మధ్యాహ్నం అందరం పంజాగుట్టలో మళ్ళీ కలుసుకుందాం.

జనవరి 18

సాలమన్ మా చర్చి సంఘం మనిషే. పదకొండేళ్ళు ఓడ వంటగదిలో పనిచేసి, ఏదో రేవులో ఒక చక్రం కొనుక్కొచ్చాడు. ముప్పై ఏడు గదులు, ఎరుపు నలుపు రంగులు, మధ్యలో పరిగెత్తే తెల్ల గోళీ, అది ఏ గదిలో ఆగుతుందో దాని మీద పందేలు. పంజాగుట్ట బండల వెనక ఒక పాత బంగళా అద్దెకు తీసుకుని, దాన్ని కేసినో అంటున్నాడు. పట్టపగలు కూడా తలుపులు మూసి పరదాలు దించుతాడు. గోడ మీద గడియారం ఉండదు. దీపాలు పెట్టే వేళకు మాత్రం మూసేస్తాడు. పోలీసులకు భయపడి కాదు, భార్యకు భయపడి.

ఖైరతాబాద్‌లో మా ఆఫీసు. పన్నెండింటికి నాకు తలనొప్పి వస్తుంది. ఒంటిగంటకు ఆ తలనొప్పి పంజాగుట్టలో ఉంటుంది.

ఇవాళ ఒకసారి లేవబోయాను. "లేవకు తమ్మీ, లేస్తే నసీబ్ సుత లేసిపోతది," అన్నాడు సాలమన్. కూర్చున్నాను. ముప్పై మంది చుట్టల పొగ. గోళీ తిరుగుతుంటే ఎవరూ ఊపిరి పీల్చరు. ఆగాక అందరం ఒక్కసారే పీలుస్తాం, ఉన్నదంతా పొగే కాబట్టి పొగే పీలుస్తాం. ఇంటికి వచ్చాక తెలిసింది, దవడలు నొప్పి. అంతసేపూ పళ్ళు కొరుకుతూ కూర్చున్నానన్నమాట.

జనవరి 20

పోలేదు.

జనవరి 21

పోయాను. కానీ ఆడలేదు, చూశాను. చూడటం ఆడటం కాదు. చివర్లో కొంచెం ఆడాను.

జనవరి 28, శుక్రవారం

పట్టుకున్న టీ కప్పు సాసరు మీద తబలా వాయించింది. అమ్మ చూసింది.

"చేతులెందుకు వణుకుతున్నయి కొడుకా?"

"చలి అమ్మా."

"చలి ఒక్క నీకేనా? మీ నాన్నకు లేదా? నాకు లేదా?" నా బెల్టు పట్టుకుని లాగింది. కొత్తగా మేకుతో పొడిచిన రెండు రంధ్రాలను వేలితో తడిమింది. "రాత్రి నువ్వు నిద్రపోతలేవు. ఇటు దొర్లుతవు, అటు దొర్లుతవు. చెమట. దగ్గు. నాకు వినపడదనుకున్నవా?"

నిద్రపోకపోవడానికి కారణం గోళీ. కళ్ళు మూస్తే తలలో తిరుగుతుంది, ఆగదు. ఆ మాట అమ్మకు ఎలా చెప్పను? దగ్గాను. దగ్గు సులువు.

సాయంత్రం సంఘం ఆడవాళ్ళు వచ్చారు. బుచ్చమ్మ నా ముఖం కేసి అటునుంచి, ఇటునుంచి చూసి అమ్మ చెవిలో ఏదో అంది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంట్లో ఆ జబ్బు పేరు ఎవరూ పలకలేదు.

ఫిబ్రవరి 4, శుక్రవారం

శుక్రవారం సర్కారు సెలవు కాబట్టి మా అమీర్‌పేట సంఘం ఉపవాస ప్రార్థన ఆ రోజే పెట్టుకుంటుంది. ఇవాళ్టి ప్రార్థన నా కోసం. నలభై మంది పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టకుండా మోకాళ్ళ మీద ఉన్నారు. "ప్రభువా, ఈ యౌవనస్థుని ఛాతీని ముట్టుము," అన్నారు పాస్టరు అయ్యగారు. నలభై మంది ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను. సాలమన్ వెనక వరుసలో ఉన్నాడు, అందరికన్నా గట్టిగా అన్నాడు.

ఆకలితో అందరి పెదవులూ ఎండిపోయాయి. నావి కూడా. నిన్న మధ్యాహ్నం నుంచి తినలేదు మరి. కారణం వేరు.

ఫిబ్రవరి 8

ఆఫీసులో సూపరింటెండెంటు రుమాలు ముక్కుకు పెట్టుకునే మాట్లాడాడు. "డాక్టర్ కాయితం తెచ్చుకో మియా. ఉన్నదని రాస్తే మూడు నెలలు సెలవు. లేదని రాస్తే రేప్పొద్దుగాల్ల డ్యూటీ, మధ్యాహ్నం తలనొప్పి బంద్."

నాన్న బడికి ఒకపూట సెలవు పెట్టి నాతో ఆసుపత్రికి వచ్చాడు. దయానందం మాస్టారు అంటే అమీర్‌పేటలో చిన్నపిల్లలే కాదు, వాళ్ళ తండ్రులూ లేచి నిలబడతారు. డాక్టరు నా ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నాడు, నాడి పట్టి చూశాడు, మళ్ళీ చూశాడు.

"ఛాతీలో గరగర ఉంది. పురుగు ఉందో లేదో తెమడ పరీక్షలో తెలుస్తుంది," అన్నాడు. "ఒకవేళ లేకపోతే మాత్రం మీవాడు మనకు చాలా సంగతులు చెప్పాలి మాస్టారూ. ఈ నాడి గుర్రంలా ఎందుకు పరిగెడుతోంది, చేతులెందుకు వణుకుతున్నాయి, ఇంత బరువు ఎక్కడికి పోయింది, అన్నీ."

"లేకపోతే ఇంకేం అయి ఉంటుంది?" అని నాన్న నావైపు తిరిగాడు. కోపం లేదు. నిజంగా తెలియక అడిగాడు. నా జీవితంలో ఏ పరీక్షలోనూ అంత కష్టమైన ప్రశ్న రాలేదు.

నాన్న బడికి తిరిగి వెళ్ళిపోయాడు. నేను వరండాలో బల్ల మీద కూర్చున్నాను.

"సారూ, జర జరుగుండ్రి. గోడకు ఆనుకుంట."

ముప్పై ఏళ్ళుంటాయి. పేరు మొగిలయ్య. ఊరు బోరబండ, రాయి కొడతాడు. కనుబొమల్లో కూడా రాతిపొడి. ఒక్కొక్క మాటకూ ఒక్కొక్క ఊపిరి వెతుక్కుంటున్నాడు.

"మీకు సుత గదేనా సారూ?"

"ఏది?"

"గదే. పేరు దియ్యొద్దంటది మా ఆమె."

"నాకు లేదనుకుంటా. అదే నా కష్టం," అన్నాను గంభీరంగా.

"లేకుంటె కష్టమేంది!" నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గి, తుండుగుడ్డతో మూతి తుడుచుకుని, గుడ్డ కేసి చూసి మడిచాడు. "నాకు ఉన్నది. మూడు నెల్లాయె, సుత్తి లేస్తలేదు. మా మేస్త్రి పెంటయ్య దొంగ దగ్గు అంటడు. కాయితంల ఉన్నదని వస్తే గీడనే మంచమిస్తరట. పాలు సుత ఇస్తరట. లేదని వస్తే మల్ల రాయి కాడికే."

"అయితే ఉండాలని కోరుకుంటున్నావా?"

"కోరుకునుడేంది సారూ, ఉన్నది. నాకెరుకే. కాయితం జెప్పాలె గదా."

కంపౌండరు వచ్చి ఇద్దరికీ చెరో సీసా, చెరో చీటీ ఇచ్చాడు. తెమడ సీసాలో పట్టి, పేరూ ఊరూ రాసి అంటించి కిటికీలో పెట్టమన్నాడు. మొగిలయ్య చీటీని అటూ ఇటూ తిప్పాడు.

"అన్నా, నాకు సదువు రాదు. నాది సుత రాసి పెట్టవా?"

సారు కాస్తా అన్న అయ్యాడు. చదువుకున్నవాడు పక్కన కూర్చుంటే ఊళ్ళో ఎవరైనా అడిగే పనే ఇది. ఉత్తరాలు, అర్జీలు, మనీయార్డర్లు, నేను ఎందరికి రాసివ్వలేదు? రెండు చీటీలూ రాశాను. మైదా జిగురు పెట్టి అంటించాను. కిటికీలో పెట్టాను.

అక్కడి నుంచి పంజాగుట్టకు నడిచే పోయాను. ఎండ బాగుంది.

ఎండ చాలా బాగుంది.

ఫిబ్రవరి 12

నా కాగితంలో ఉంది.

మొగిలయ్య కాగితంలో లేదు.

నాన్న నన్ను గట్టిగా పట్టుకున్నాడు. ఆయన అలా పట్టుకోవడం నేను ఎరుగుదును గాని, ఏడవడం ఎరగను. నాకు మంచం ఇస్తామన్నారు. మా ఇంటికి గాలి తగిలే వరండా ఉందని చెప్పి వద్దన్నాను. ఇప్పటికి ఒక మంచి పని చేశాను. ఆ మంచం అవసరమున్న వాళ్ళెవరికో దక్కుతుంది.

మొగిలయ్య కిటికీ దగ్గర ఉన్నాడు. "మల్లొకపారి జూడుండ్రి సారూ," అంటున్నాడు. "ఎన్నిసార్లు చూడాలె? నీకేం లేదు. దేవునికి శుకర్ చెయ్, ఇంటికి పో," అన్నాడు కంపౌండరు. అతను కిటికీ నుంచి ఇటు తిరిగాడు. నన్ను చూసి చెయ్యెత్తాడు. "ఏం లేదట అన్నా! మేస్త్రి నిజమే అన్నట్టు," అని నవ్వుతూ వెళ్ళాడు.

నవ్వుతూనే వెళ్ళాడు. అది నేను కళ్ళారా చూశాను. రాసి పెట్టుకుంటున్నాను.

ఫిబ్రవరి 17

మూడు నెలల సెలవు. అమ్మ నా పళ్ళెం వేరు చేసింది, గ్లాసు వేరు చేసింది, దుప్పటి వేరు చేసింది. తను మాత్రం వేరు కాలేదు. పక్కనే కూర్చుని నా వీపు రాస్తుంది. ఎంత చెప్పినా వినదు. నేను గట్టిగా చెప్పను కూడా. దేనికని చెప్పను?

డాక్టరు విశ్రాంతితోపాటు స్వచ్ఛమైన గాలిలో నడక రాశాడు. రోజూ పంజాగుట్ట బండల వైపు నడుస్తున్నాను. బండల దాకా గాలి స్వచ్ఛమే. అమ్మ నాలుగు ఉడికించిన గుడ్లు మూటకట్టి ఇస్తుంది. చక్రం దగ్గర నాకు గొంతు దిగదు. సాలమన్ తింటాడు.

"మీ అమ్మ ఉప్పు సరిగ్గ ఏస్తది తమ్మీ," అన్నాడు ఇవాళ.

అమ్మ ఒంటిపూట తింటోంది. నలభై రోజులు మొక్కుకుంది. రెండోపూట తినాల్సినవి నాకు గుడ్లయి వస్తున్నాయి.

ఫిబ్రవరి 25

పోలేదు. సాలమన్ బంగళా మూసి ఉంది కాబట్టి.

మార్చి 9

ఏం జరిగిందో వరసగా రాయాలి. పదకొండింటికి కూర్చున్నాను. లేవలేదు. మొదట కాళ్ళు తిమ్మిరెక్కి, తర్వాత తెలియడమే మానేశాయి. కడుపులో మంట, పొత్తికడుపులో బరువు. గోళీ ఆగే ముందు గుండె రెండు దెబ్బలు వేసి ఒకటి మరిచిపోవడం మొదలుపెట్టింది. నలుపు వచ్చింది. చక్రం మీద నలుపా, నా కళ్ళలో నలుపా అని ఆలోచిస్తుండగా నేల నా చెంపకు చల్లగా తగిలింది.

సోడా ముఖాన పడ్డాక చూస్తే చుట్టూ ఎవరూ లేరు. అందరూ గోడలకు అతుక్కుని నిలబడ్డారు. నా ప్యాంటు తడిసి ఉంది. మూత్రపిండ సోదరులు ఇక నా అనుమతి కోసం ఆగలేదు. బి.ఏ. చదివాను నేను. ముప్పై మంది చూశారు.

సాలమన్ కూడా దూరంగానే ఉన్నాడు, సోడా సీసా చేతిలో పట్టుకుని. "ఇగ రాకు తమ్మీ. నీకు గా బీమారి ఉన్నదని ఎవడో వీళ్ళకు చెప్పిండు, గిరాకులంతా బెదురుతుండ్రు. నా చక్రం కాడ సస్తే బద్నాం అయిత."

"నాకు క్షయ లేదు సాలమన్ అన్నా! ఒట్టు!"

"అబద్దమాడకు. మీ నాన్న కాయితం సంఘంల సదివి ఇనిపియ్యలేదా? దేవుని సాక్షిగ ఇన్న."

"ఆ కాగితం నాది కాదు!"

"కాకుంటె నాదా? పో, గాలి తగిలేకాడ పండుకో."

ప్రపంచంలో నేను నిజం చెప్పిన మొదటి మనిషి సాలమన్. నమ్మలేదు.

ప్యాంటు బండ మీద ఆరబెట్టుకుని ఇంటికి వచ్చాను.

మార్చి 21

పంజాగుట్ట తలుపు మూసుకుపోవడంతో గత్యంతరం లేక విశ్రాంతి తీసుకుంటున్నాను. గుడ్లు నేనే తింటున్నాను. ఉప్పు నిజంగానే సరిగ్గా వేస్తుంది. తొమ్మిది గంటలు నిద్రపోతున్నాను. దగ్గు తగ్గింది. టీ కప్పు చప్పుడు చేయడం లేదు. బెల్టు ఒక రంధ్రం వెనక్కి వచ్చింది. ఈ శరీరానికి రోషం లేదు. ఎంత అవమానించినా రెండు వారాలు తిండి పెట్టగానే క్షమించేసింది.

మార్చి 24

డాక్టరు మళ్ళీ సీసా ఇచ్చాడు. ఈసారి పక్కన ఎవరూ లేరు. ఫలితంలో ఏమీ లేదు. డాక్టరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. "ఇంత త్వరగా నేను ఎప్పుడూ చూడలేదు," అన్నాడు. నాన్న ఆసుపత్రి వరండాలోనే మోకరించాడు.

మార్చి 26, ఆదివారం

సంఘంలో ప్రకటించారు. ఈస్టర్ ఆదివారం నాడు నేను నిలబడి స్వస్థత గురించి సాక్ష్యం చెప్పాలట. ఖైరతాబాద్ నుంచీ, ఇంకా దూరం నుంచీ జనం వస్తారట. అమ్మ మొక్కు తీరిందని రెండోపూట అన్నం తినడానికి కూర్చుంది. నాలుగు ముద్దలు తిన్నాక ఆపేసింది. కడుపు చిన్నబోయిందట. రవికె చేతులు వదులుగా వేలాడుతున్నాయి.

ఏదో చమత్కారంగా రాద్దామనుకున్నాను. రావడం లేదు.

మార్చి 31, శుక్రవారం

ఉపవాస ప్రార్థన మధ్యలో ఒక ఆడమనిషి వచ్చి గడప బయట నిలబడింది. చంకలో మూడేళ్ళ ఆడపిల్ల. సంఘం మనిషి కాదు. లోపలికి రమ్మంటే రాలేదు.

"గీడ ప్రార్థన జేస్తే గా బీమారి పోయిందట గదా? అమీర్‌పేటల ఒక సదువుకున్న పిలగానికి?"

"పోయింది తల్లీ. దేవుని కృప," అని అయ్యగారు నన్ను చూపించారు.

ఆమె నాకు దండం పెట్టింది. "మా ఇంటాయనకు సుత జెయ్యుండ్రి. నా పేరు భూలక్ష్మి. బోరబండల ఉంటం. ఆయన పేరు మొగిలయ్య. దవఖానల కాయితం ఇచ్చిండ్రు, ఏం లేదని. మరి ఏం లేకుంటె నెత్తురెందుకు పడుతున్నదయ్యా? మేస్త్రికి గా కాయితం సంగతి తెలిసినకాంచి పనికి రాకుంటె ఊకుంటలేడు. నెలన్నర రాయి కొట్టిండు. ఇప్పుడు లేస్తలేడు."

అమ్మ లేచి వెళ్ళి ఆమె చేతులు పట్టుకుంది. నలభై మంది మోకరించారు. నేనూ మోకరించాను. ఒక్కణ్ణే నిలబడి ఉంటే కనబడతాను కాబట్టి.

ఏప్రిల్ 1

నాన్న నన్ను బోరబండకు తీసుకెళ్ళాడు. "నిన్ను చూస్తే అతనికి ధైర్యం వస్తుంది," అన్నాడు.

రాళ్ళు పేర్చిన గుడిసె. మొగిలయ్య చాప మీద ఉన్నాడు. నన్ను గుర్తుపట్టాడు. గుర్తుపట్టకూడదని దారంతా నా పాటికి నేను ప్రార్థించాను, అదొక్కటే నిజమైన ప్రార్థన.

"అన్నా! నువ్వేనా? ఏమే, నా చీటీ రాసిచ్చిన అన్న గీయనే." నాన్న వైపు తిరిగాడు. "మంచి మనిషి. అడగంగనే రాసిండు. నీకు లేదనుకుంటివి, ఉండె. నాకు ఉన్నదనుకుంటి, లేకపాయె. దేవుని ఆట గట్లుంటది."

ఇంత మాట పూర్తిచేయడానికి అతనికి చాలాసేపు పట్టింది. పిల్ల వచ్చి అతని ఛాతీ మీద ఎక్కి పడుకుంది. పేరు రుద్రమ్మ.

"పిల్లను దూరంగా ఉంచండమ్మా," అన్నాను.

"ముందుగాల ఉంచితి సారూ," అంది భూలక్ష్మి. "మూడు నెల్లు దగ్గరికి రానియ్యలే. ఏడ్సేది. ఆ ఎన్క ఏం లేదని కాయితం రాంగనే, బిడ్డను నా కాడికి దేవే అని మొత్తుకున్నడు. గప్పటిసంది గట్లనే పంటది, ఆయన మీదనే."

పిల్ల దగ్గింది. కాసేపటికి మళ్ళీ దగ్గింది.

నాన్న ప్రార్థన చేశాడు. "మళ్ళీ పరీక్ష చేయిద్దాం," అన్నాడు చివర. "కాయితం వచ్చినంక మల్లెందుకు సారూ, రాసినోళ్ళు ఉత్తగనే రాస్తరా?" అన్నాడు మొగిలయ్య.

ఏప్రిల్ 2, ఆదివారం

గుడికి పోలేదు. కడుపునొప్పి అన్నాను. అది కూడా అబద్ధమే.

ఏప్రిల్ 3, సోమవారం, పొద్దున

జట్కా వాకిట్లో ఆగి ఉంది. నేనే తెల్లవారి బోరబండ వెళ్ళి ఒప్పించి తెచ్చాను. మొగిలయ్య వెనక ఒరిగి కూర్చున్నాడు. భూలక్ష్మి ఒళ్ళో పిల్ల. అమ్మ వాళ్ళకు పాలు కాచి ఇస్తోంది. నాన్న కోటు తొడుక్కుంటున్నాడు, నేనెంత జాలిగుండెవాడినో పక్కింటి కనకయ్యకు చెబుతున్నాడు. ఇక్కడికి వినబడుతోంది.

ఆసుపత్రిలో డాక్టరు అడుగుతాడు. ఏమీ లేదని రాసిచ్చిన మనిషిని మళ్ళీ ఎందుకు తెచ్చారని. నాన్న నోరు తెరిచేలోపు నేను చెప్పాలి. నాన్న ముందే, మొగిలయ్య ముందే, ఆమె ముందే. నా నోటి సంగతి నాకు తెలుసు. మధ్యలో ఏదో ఒక హాస్యం దూరుస్తుంది. అందుకని చెప్పాల్సినది ముందు ఇక్కడ రాస్తున్నాను, హాస్యం లేకుండా.

చక్రం తిప్పింది సాలమన్. గుడ్లు ఉడికించింది అమ్మ. కాగితం చదివింది కంపౌండరు. ఈ పుస్తకం నిండా నేను పడ్డవీ, వణికినవీ, దగ్గినవీ రాసుకున్నాను. అవి నాకు జరిగినవి. నేను చేసింది ఒక్కటే ఉంది.

నాన్న పిలుస్తున్నాడు.

ఫిబ్రవరి ఎనిమిదో తేదీన, ఆసుపత్రి వరండాలో, నాకు జబ్బు లేదని తేలితే మరేముందో నాన్నకు చెప్పాల్సి వస్తుందని, మొగిలయ్య తెమడ ఉన్న సీసా మీద జ్ఞానరాజు బి.ఏ., అమీర్‌పేట అని రాశాను. నా సీసా మీద మొగిలయ్య, బోరబండ అని రాశాను.